డిగ్రీ అయ్యాక బీఈడీ చేసి టీచర్ కావడం నాకు సరిపోతుందా?

నల్గొండలో బీఎస్సీ పూర్తయింది, బీఈడీలో చేరాలా, వేరే ఉద్యోగం చూసుకోవాలా అని అడిగారు. ఫీజు కట్టకముందే ఒక పని చేయండి. మీ ఊరి సర్కారు బడి హెడ్మాస్టరును అడిగి, కొన్నాళ్లు సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పండి. ఐదో తరగతికొచ్చినా భాగహారం రాని పిల్లలు కనబడతారు. పత్తి ఏరే రోజుల్లో కొందరు అమ్మతో చేనుకు పోతారు, తిరిగొచ్చేసరికి పాఠం దాటిపోయి ఉంటుంది. అదే లెక్కను మూడోసారి, ఈసారి చింతగింజలు ముందు పోసి, విసుక్కోకుండా చెప్పగలిగితే ఈ పని మీదే. పిల్లల మీద కోపమే ఎక్కువ వస్తుంటే, ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా సరే, నేనైతే వద్దనే అంటాను.

ఇక దారి సంగతి. బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి చేరితే బీఈడీ రెండేళ్లు. 2023 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఎస్జీటీ (ఒకటి నుంచి ఐదో తరగతి దాకా చెప్పే టీచర్) పోస్టుకు అర్హత లేదు, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్‌కే చూసుకోవాలి. చిన్న తరగతులంటేనే ఇష్టమైతే ప్రాథమిక టీచర్ల కోర్సు డీఈడీ చేయండి. టీచర్ అర్హత పరీక్ష టెట్ పాసైతే చాలనుకోకండి, మార్కులూ కావాలి: సర్కారు టీచర్ పోస్టులు నింపే డీఎస్సీలో, 2024లో రాతపరీక్షకు 80, టెట్‌కు 20 వెయిటేజీ.

అసలు టెన్షన్ ఎదురుచూపుతోనే. 2024లో 11,062 పోస్టులు పడ్డాయి నిజమే, కానీ అంతకుముందు నియామకాల దాకా వెళ్లిన నోటిఫికేషన్ 2017లోది. ఆ మధ్యకాలం ప్రైవేటు బడి జీతంతో ఇల్లు గడుస్తుందా అన్నది ఇంట్లో కూర్చొని ముందే మాట్లాడుకోండి. గురుకులాల పోస్టులకు పరీక్ష వేరు, దానికీ చదువుతూ ఉండండి.