ఏ నెలలో చూశావో చెప్పు

రాజమహేంద్రవరం,
మృగశిర కార్తె

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు వియన్నా నుంచి అక్కడి డాన్యూబ్ నది గురించి రాసి పెడుతున్నవి ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. మొన్న కొవ్వూరు వెళ్తే మీ అమ్మగారు కనిపించారు. "డాన్యూబ్ మన ఏలూరు కాలువంత కూడా లేదటండీ, అమ్మాయి ఫోటో పెట్టింది" అన్నారు. ఇంటికొచ్చి ఆ ఫోటో చూశాను. రెండు పక్కలా గోడలు, వాటి నిండా రంగుల బొమ్మలు, గట్టునే కాఫీ దుకాణాలు. అమ్మా, అది డాన్యూబ్ కాదు, డోనౌకనాల్. ఒకప్పుడు అదీ డాన్యూబ్ పాయే, తర్వాత గట్లు కట్టి కాలువలా చేశారు. 17 కిలోమీటర్ల పొడవు. పాత ఊరిని ఆనుకుని పోయేది అదే కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు దాన్నే నది అనుకుంటారు. అసలు డాన్యూబ్ చూడాలంటే యూ1 మెట్రో ఎక్కి ఇంకా ముందుకు వెళ్ళాలి. బెజవాడలో దిగినవాడు బందరు కాలువ చూసి "కృష్ణ అంటే ఇంతేనా" అని ఊరికి ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో, అలా అయింది.

దీనికి నువ్వు టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు. దిద్దుకుని మళ్ళీ రాయి. నేను ఇంతకంటే పెద్ద పొరపాటు చేశాను, అదీ అచ్చులో.

మొదటిసారి కైరో వెళ్ళినప్పుడు నైలు వంతెన మీద నిలబడి, పొంగిపోయి, ఒక వారపత్రికకు వ్యాసం పంపాను. నైలు 6,650 కిలోమీటర్లు, గోదావరి 1,465, కాబట్టి నైలు ముందు మన గోదావరి పిల్లకాలువ అని తేల్చేశాను. పత్రిక అలాగే వేసింది. తిరిగొచ్చాక ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చారు. ధవళేశ్వరం ఆనకట్ట హెడ్‌వర్క్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, జేబులోంచి కాగితం తీశారు. "బాబూ, పొడుగు చూశారు, నీళ్ళు చూడలేదు" అన్నారు.

ఆ కాగితంలో ఉన్న లెక్క ఇదీ. 1959లో ఈజిప్టు, సూడాన్ నైలు నీళ్ళు పంచుకున్నప్పుడు అస్వాన్ దగ్గర సగటున ఏడాదికి 8,400 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయని లెక్క వేసుకున్నాయి. మన కొలతలో చెప్పాలంటే రమారమి 2,960 టీఎంసీలు. గోదావరి సగటు 3,900 టీఎంసీల దాకా ఉంటుంది. నాలుగోవంతు పొడవు కూడా లేని నది అంతకన్నా ఎక్కువ నీరు మోస్తోంది! కారణం కూడా ఆయనే చెప్పారు. నైలుకు అట్బరా కలిసిన తర్వాత సముద్రం దాకా రెండు వేల కిలోమీటర్లకు పైగా ఒక్క ఉపనది కూడా లేదు, అంతా ఎడారి. గోదావరికి దారి పొడవునా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలుస్తూనే ఉంటాయి.

నేను తలదించుకున్నాను. ఆయన అక్కడితో ఆగలేదు. "అలాగని గోదావరే గొప్పదని రాసేయకండి. మన నీళ్ళన్నీ నాలుగు నెలల్లో వచ్చి సముద్రంలోకి పోతాయి. నైలుకి ఎండాకాలంలోనూ పెద్ద సరస్సుల నుంచి నీరు వస్తూనే ఉంటుంది. ఏ నెలలో చూశారో చెప్పి రాయండి" అన్నారు. నది గురించి రాయడంలో నాకు దొరికిన మొదటి పాఠం అదే. ఇన్నేళ్ళ తర్వాత కూడా నీకు చెప్పడానికి నా దగ్గర అంతకన్నా మంచి మాట లేదు.

ఇప్పుడు నీ డాన్యూబ్ దగ్గరికే వస్తాను. దానికి ఆల్ప్స్ మంచు కరిగిన నీరు వేసవి మొదట్లో వస్తుంది. అంటే మన ధవళేశ్వరం బ్యారేజీ దిగువన ఇసుక తిన్నెలు తేలి, సీలేరు నుంచి వదిలిన నీటితో దాళ్వా, అంటే రెండో పంట, గట్టెక్కిందా అని రైతు ఊపిరి పీల్చుకునే రోజుల్లో, అక్కడ నది నిండుగా పోతూ ఉంటుంది. ఆ రోజుల్లో పోలిస్తే డాన్యూబ్ మహానది, గోదావరి వాగు. ఆగస్టులో పోలిస్తే తలకిందులు. వియన్నాను వరద నుంచి కాపాడే ఏర్పాటు సెకనుకు 14,000 ఘనపు మీటర్లను తట్టుకునేలా కట్టారు. అది మన లెక్కలో ఐదు లక్షల క్యూసెక్కులకు దగ్గర. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే పది లక్షలకి! 1986 ఆగస్టులో ఇక్కడ 35 లక్షలు దాటింది. ఆ అంకెలు పక్కపక్కన పెట్టి నెల పేరు రాస్తే చాలు, మీ అమ్మగారికి రెండు నదులూ ఒకేసారి కనిపిస్తాయి. విశేషణాలేవీ అక్కర్లేదు.

అలాగే ఒక మాట నాకు బాగా నచ్చింది, ఒక మాట నచ్చలేదు. డోనౌఇన్సెల్ గురించి రాస్తూ "నది మధ్య అందమైన ద్వీపం" అన్నావు. కోనసీమకు ఇంత దగ్గర్లో పుట్టిన పిల్లవి, ద్వీపం అంటావేమిటి? లంక అను. లంక అనగానే మనవాళ్ళకు పొగాకు తోటలు, కూరగాయల పాదులు, రేవులో పంటు, వరదొస్తే గొడ్లను తోలుకుని ఏటిగట్టు మీదకు చేరడం, అన్నీ కళ్ళకు కడతాయి. అయితే ఆ మాట వాడాక అక్కడే ఆగిపోకు. మన లంకను గోదావరి తెచ్చిన ఒండ్రు కట్టింది. వాళ్ళ లంకను మనుషులు కట్టారు. వరద నీరు పోవడానికి 1972 నుంచి 1988 దాకా నదికి పక్కగా ఇంకో పాయ తవ్వి, ఆ మట్టిని మధ్యలో 21 కిలోమీటర్ల పొడవున పోశారు. మన లంక వరదకు మునుగుతుంది. వరద నుంచి ఊరిని కాపాడే పనిలో వాళ్ళ లంక పుట్టింది. పోలిక ఇక్కడ తెగిపోయింది చూశావా? ఈ తెగిన చోటే మంచి పేరా మొదలవుతుంది. చాలామంది అక్కడిదాకా వచ్చి కలం మూసేస్తారు.

నచ్చిన మాట ఏమిటంటే, సరుకు పడవ మీద ఆరేసిన బట్టలు, పడవ వెనక భాగంలో నిలబెట్టిన కారు గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాలు. పడవలోనే కాపురం ఉండే మనుషులు, ఒడ్డుకు చేరితే తిరగడానికి కారు. అది చదివినప్పుడు మా తాతగారి రోజుల్లో కాకినాడ కాలువ మీద ధాన్యం పడవలు గుర్తొచ్చాయి. పడవలోనే పొయ్యి, పడవలోనే నిద్ర, గాలి పడిపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. నువ్వు ఆ పోలిక చెప్పలేదు, చెప్పకపోవడమే మంచిదయింది. నాకై నాకు గుర్తొచ్చింది. చదివేవాడికి అలాంటి చోటు కొంచెం వదిలిపెట్టాలి.

పెద్దాయన వచ్చి వెళ్ళిన కొన్నేళ్ళకు నేను మళ్ళీ కైరో వెళ్ళాను. ఈసారి రోడా లంక దక్షిణపు కొసన ఉన్న పాత నీటి కొలబద్ద దగ్గర సగం రోజు గడిపాను. 861లో కట్టింది. నేలలోకి దిగే పెద్ద రాతి గొయ్యి, గోడల వెంబడి మెట్లు, నట్టనడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం. స్తంభం పొడుగునా గీతలు. పూర్వం నైలు నీరు సొరంగాల గుండా ఈ గొయ్యిలోకి వచ్చి ఏ గీత దాకా లేస్తే ఆ ఏడు పంట అంత, పన్ను అంత. పదహారు మూరలకు వస్తే ఊరంతా పండగ. అవును, మూరలే. మోచేయి నుంచి వేలి కొస దాకా. నేను మెట్ల మీద నిలబడి చెయ్యి చాచి కంటితో కొలుచుకున్నాను. వాళ్ళ మూర మన మూర కన్నా కాస్త పొడుగు. సొరంగాలు మూసేశారు, గొయ్యి పొడిగా ఉంది. 1970లో అస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఈజిప్టులో నైలుకు వరదే లేదు. అడుగున చల్లగా, కొంచెం బూజు వాసన. నాకు భద్రాచలం గుర్తొచ్చింది. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఆ అంకెల కోసం ఈ జిల్లాల్లో ఎంతమంది రాత్రిళ్ళు నిద్ర మానుకుని ఫోన్లు చేసుకున్నారు! వేల మైళ్ళ దూరంలో, పదకొండు వందల ఏళ్ళ కిందట, ఎవరో ఇలాగే మెట్ల మీద దీపం పట్టుకుని గీత వంక చూసి ఉంటారు. రెండోసారి రాసిన వ్యాసంలో ఏ నది పెద్దదో చెప్పలేదు. మెట్ల గురించి, గీతల గురించి రాశాను. ఆ పెద్దాయన చదివి ఒక్క కార్డు ముక్క రాశారు, "ఇప్పుడు నైలు చూశాను" అని.

ఇంకొకటి, త్వరగా చెప్పేస్తాను. కొన్నిటికి మన దగ్గర జోడీ ఉండదు. కంబోడియాలో టోన్లే సాప్ అనే నది వానాకాలంలో వెనక్కి పారుతుంది. మెకాంగ్ పొంగి దాన్ని ఎదురు తోస్తే ఆ నీళ్ళన్నీ పైనున్న సరస్సులోకి పోతాయి, సరస్సు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఉప్పుటేరు పోటు గుర్తొస్తుంది, కొల్లేరు గుర్తొస్తుంది, కానీ ఏదీ అతకదు. అలాంటప్పుడు లాక్కొచ్చి అతికించకు. చూసింది చూసినట్టు చెప్పు.

నీకొక పని పెడుతున్నాను. రైక్స్‌బ్రుకె వంతెన దగ్గర ఒడ్డుకు దిగు. డాన్యూబ్ మీద పడవల వాళ్ళు కిలోమీటర్లను సముద్రం దగ్గర సున్నాతో మొదలుపెట్టి ఎగువకు లెక్కపెడతారు. ఆ వంతెన దగ్గర లెక్క 1,929కి దగ్గరగా ఉంటుంది. మనం గోదావరిని త్ర్యంబకంలో పుట్టిన చోటు నుంచి చెప్పుకుంటాం, వాళ్ళ పడవలవాడు ఇంకా ఎంత దూరం పోవాలో లెక్కపెట్టుకుంటాడు. అక్కడ ఒక గంట కూర్చో. నీటి రంగు ఏమిటో, ఎంత వడిగా పోతోందో, ఏం కొట్టుకొస్తోందో రాసుకో. తేదీ వెయ్యి. వీలైతే అక్కడ చేపలు పట్టేవాళ్ళను పలకరించి, నిండు నీటిని వాళ్ళు ఏమంటారో అడుగు.

నేను ఇక్కడ రోజూ పొద్దున్నే పుష్కరఘాట్‌కి వెళ్తున్నాను. బ్యారేజీ నిలవ నీరు ఆకుపచ్చగా, కదలకుండా ఉంది. కొత్త వరద తెచ్చే ఎర్రనీరు ఇంకా రాలేదు. వచ్చిన రోజు, ఏ మెట్టు దాకా వచ్చిందో నీకు రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు