ప్యానెల్ పాఠం చెబుతుంటే టీచరు చేయాల్సిందేమిటి?

ప్రశ్న: మా అనంతపురం జిల్లా హైస్కూల్లో ఇంటరాక్టివ్ ప్యానెల్ (వేలితో తాకి నడిపే పెద్ద డిజిటల్ తెర) పెట్టారు. పాఠమంతా వీడియోలోనే ఉంటే టీచరుకు ఇక పనేముంది?

పని పెరుగుతుంది. ఎదుట కూర్చున్న పిల్లలెవరో వీడియోకు తెలియదు. పరాగసంపర్కం పాఠమే తీసుకోండి. తెర మీద మందారం కనిపిస్తుంది. ఇక్కడి పిల్లలు రోజూ చూసేది శెనక్కాయ చేను: పూత నేల పైన, కాయ నేల లోపల. ఫలదీకరణ అయ్యాక పూవు అడుగు నుంచి పెరిగే కాడ లాంటి ఊడ మట్టిలోకి దిగి కాయ కడుతుంది. ఆ మొక్కనొకటి వేళ్లతో సహా పీకి తెచ్చి చూపించాల్సింది టీచరే.

45 నిమిషాల పీరియడ్‌లో వీడియో 5 నిమిషాలు మించొద్దు. జవాబు రాకముందే ఆపి, తర్వాత ఏమవుతుందో నోటుబుక్కులో రాయించాలి. ఆ తర్వాతే మిగతాది. అందరూ ఒక్కసారిగా "అర్థమైంది సార్" అంటే నమ్మొద్దు. బెంచీల మధ్య తిరిగి రాసింది చూస్తేనే, ఊడను మొక్క వేరనుకున్న పిల్లలు దొరుకుతారు. తెర మారితే బొమ్మ పోతుంది కాబట్టి ముఖ్యమైనది నల్లబల్ల మీద కూడా గీయండి.

నెట్‌ను నమ్ముకోకుండా వీడియోను ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలి. కిటికీ వెలుగు తెర మీద పడితే వెనక బెంచీకి ఏమీ కనిపించదు. ఒకసారి మీరే అక్కడ కూర్చుని చూడండి.