కుక్కల జబ్బుల మీద పరిశోధన దండగా? మా వీధి నల్లోడి సంగతి వినండి

ప్రశ్న: మనుషులకే సరైన వైద్యం అందని రోజుల్లో కుక్కల జబ్బుల మీదా, వాటి జన్యులోపాల మీదా ఏళ్ల తరబడి పరిశోధనలు చేయడం దండగ కాదా?

కాదు. ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే జవాబు. కానీ ఈ ప్రశ్న చూడగానే నాకు ఒళ్లు మండింది, కాబట్టి ఒక్క ముక్కతో వదలను.

మాది రాజమండ్రి. మా వీధిలో నల్లోడని ఒక కుక్క ఉంది. ఎవరిదీ కాదు. రాత్రి మిగిలిన అన్నం పెట్టే ఇళ్లన్నిటిదీ. ఒక ధనుర్మాసంలో పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, పాలు పొంగుతాయేమోనని లోపలికి వెళ్లి వచ్చేసరికి, ముగ్గు మీద ఎర్రటి చుక్కలు. గేటు దగ్గర్నుంచి మెట్ల దాకా వరసగా ఉన్నాయి. ఎదురింటి పిన్నిగారు గొబ్బెమ్మ పెట్టబోతూ ఆగిపోయి, "ఇదేం అరిష్టమే అమ్మాయ్, పండగ పూట రక్తం" అని అందుకున్నారు. తీరా చూస్తే వీధిలో సగం ఇళ్ల ముందు అదే వరస.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. ఎవరో రాయి విసిరారన్నాడు ఒకాయన. బండి తగిలిందన్నాడు ఇంకొకాయన. మూలింటి రిటైర్డ్ ఆఫీసరు గారైతే పిచ్చెక్కి ఉంటుందని తేల్చేసి, మునిసిపాలిటీకి ఫోన్ చేయమన్నారు. నల్లోడు మాత్రం తోక ఊపుకుంటూ, ఎప్పటిలాగే తింటూ తిరుగుతున్నాడు. పిచ్చెక్కిన కుక్క పెరుగన్నం కోసం గేటు దగ్గర క్యూలో నిలబడుతుందా?

మా ఆయన బిస్కెట్ వేస్తే వాడు వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తాడు. అప్పుడు కనబడింది. మూత్రం పోసే చోట, చర్మం మడత కింద, కాలీఫ్లవర్ ముక్కలా ఎర్రటి కండ. ముట్టుకుంటే చాలు, రక్తం.

ఆటో అతను కుక్క అనగానే మామూలు చార్జీకి రెట్టింపు అడిగాడు. సీటు మీద గోనెసంచి పరుస్తామన్నా తగ్గలేదు. పశువుల ఆసుపత్రిలో మా ముందు ఒక పాడిగేదె, రెండు మేకలు. మా వంతు వచ్చాక డాక్టరు గారు చర్మం వెనక్కి తోసి ఒక్కసారి చూసి, "టీవీటీ అమ్మా, రోజూ వచ్చే కేసే" అన్నారు. టీవీటీ అంటే కుక్కల మర్మాంగాల దగ్గర వచ్చే ఒక రకం కణితి. అయినా ఊరికే మందు రాసివ్వలేదు. గాజు స్లైడును ఆ కండకు అద్ది, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. నన్నూ చూడమన్నారు. గుండ్రటి కణాలు, ఒక్కో కణంలో చిన్న చిన్న బుడగలు వరసగా.

"ఇది క్యాన్సరే. కానీ వీడి ఒంట్లో పుట్టింది కాదు. వేరే కుక్కది" అన్నారాయన.

"ఏ కుక్కదండీ? మా వీధిదేనా?"

"ఆ కుక్క చచ్చిపోయి వేల ఏళ్లయిందమ్మా."

నేను ఆయన మొహం చూశాను. హాస్యమాడుతున్నారేమో అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మామూలుగా క్యాన్సర్ అంటుకోదు. ఎవరి కణాలు వాళ్ల ఒంట్లోనే చెడిపోతాయి, ఆ మనిషితోనో జంతువుతోనో పోతాయి. టీవీటీ అలా కాదు. కుక్కలు కలిసినప్పుడు, నాకినప్పుడు బతికున్న క్యాన్సర్ కణమే ఒకదాని నుంచి ఇంకోదానికి పాకి అక్కడ మొలుస్తుంది. 1876లోనే నొవిన్‌స్కీ అనే రష్యా పశువైద్యుడు ఒక కుక్క కణితి ముక్కను ఇంకో కుక్కకు అంటించి చూపించాడు. అసలు సంగతి తేలింది 2006లో. లండన్‌లో రాబిన్ వైస్ బృందం ఇటలీ, కెన్యా, మన ఇండియా కుక్కల కణుతుల డీఎన్ఏ తీసి చూస్తే, అవి మోసే కుక్కతో కలవలేదు, ఒకదానితో ఒకటి కలిశాయి. అంటే అన్నీ ఒకే మూలం నుంచి వచ్చినవే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో ఎలిజబెత్ మర్చిసన్ బృందం 43 దేశాల నుంచి 546 కణుతులు తెప్పించి, వాటి డీఎన్ఏలో వచ్చిన మార్పులు లెక్కగట్టి 2019లో చెప్పింది: ఈ క్యాన్సర్ 4,000 నుంచి 8,500 ఏళ్ల క్రితం ఆసియాలో ఎక్కడో ఒక కుక్కలో పుట్టింది. ఆ కుక్క పోయింది, దాని కణాలు మాత్రం ఒళ్లు మారుతూ నల్లోడి దాకా వచ్చాయి.

దండగ అన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆస్ట్రేలియా పక్కన టాస్మానియాలో డెవిల్ అనే జంతువుకు 1996లో ముఖం మీద కణుతులు కనబడ్డాయి. కొరుక్కుంటే అంటుకునే క్యాన్సర్ అది. జాతికి జాతే తుడిచిపెట్టుకుపోయే పరిస్థితి వచ్చింది. ఇలాంటిది ఉంటుందని నమ్మడానికి, ఒంటి రక్షణ వ్యవస్థ కళ్లుగప్పి పరాయి కణం ఎలా బతుకుతుందో వెతకడానికి పోల్చి చూసుకునేందుకు బాగా పనికొచ్చింది ఈ కుక్కల జబ్బే. పేదింటి వీధికుక్కలిచ్చిన కణుతులవి.

సరే, మళ్లీ ఆసుపత్రికి. డాక్టరు గారు మందు రాస్తూ రాస్తూ, "వీడిలో కోలీ రక్తం లేదు కదా" అని నవ్వారు. కోలీ అంటే గొర్రెలు కాసే విదేశీ జాతి కుక్క. నల్లోడి చెవులు, వంకర తోక చూస్తే కోలీ అని గుడ్డివాడు కూడా అనడు. కోలీకీ దీనికీ ఏం సంబంధమని అడిగితే ఆయన చెప్పిన సంగతి ఈ ప్రశ్నకు అసలు జవాబు.

మెదడులోకి మందులు చొరబడకుండా బయటికి తోసేసే ప్రోటీన్ ఒకటి ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువు పేరు ఎండీఆర్1. కోలీ జాతిలో చాలా కుక్కలకు ఆ జన్యువులో నాలుగు డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. అమెరికాలోని కోలీల్లో సుమారు 70 శాతం ఈ లోపాన్ని మోస్తున్నాయి. వాటికి గజ్జికి వాడే ఐవర్‌మెక్టిన్ ఎక్కువ డోసులో ఇస్తే కాళ్లు తడబడి, చొంగ కార్చుకుంటూ, చూపు పోయి, కోమాలోకి వెళ్లిపోతాయి. మిగతా కుక్కలకు పనిచేసే అదే డోసు! ఎందుకిలా అవుతోందో ఎవరికీ అంతుబట్టలేదు. 2001లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో కత్రినా మీలీ బృందం ఆ నాలుగు అక్షరాలూ పట్టుకుంది. ఇప్పుడు బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి పంపితే తెలిసిపోతుంది. ఈ లోపమున్న కుక్కలకు జాగ్రత్తగా ఇవ్వాల్సిన మందుల్లో టీవీటీకి ఇచ్చే విన్‌క్రిస్టిన్ కూడా ఉంది. లోపమున్న కుక్కకు మామూలు డోసు ఎక్కిస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోతాయి, డోసు తగ్గించాలి.

ఇంత పరిశోధన జరిగాక కూడా మన దగ్గర జరిగేదేంటి? మందుల షాపులో "కుక్కకు గజ్జండీ" అంటే చాలు, ఏ జాతి, ఎంత బరువు అని అడక్కుండా ఐవర్‌మెక్టిన్ చేతిలో పెట్టేస్తారు. ఒక షాపులో నా కళ్ల ముందే ఇచ్చారు. పైగా "పావు సీసా వెయ్యండి" అని సలహా కూడా. పావు సీసా ఏంటండీ, పులుసులో చింతపండా?

విన్‌క్రిస్టిన్ ఎక్కించడం చూస్తే మాత్రం డాక్టరు చదువంటే ఏంటో తెలుస్తుంది. నల్లోడి మూతికి గుడ్డ కట్టి, కాంపౌండర్ ముంగాలు పట్టుకున్నాడు. డాక్టరు గారు గ్లవ్స్ వేసుకుని, ముందు సెలైన్ పోసి సూది నరంలోనే ఉందని రూఢి చేసుకుని, అప్పుడు మందు, మళ్లీ సెలైన్. ఒక్క చుక్క నరం బయట పడినా అక్కడి కండ కుళ్లుతుందట. నాకు టెన్షన్‌తో చేతులు చెమటలు పట్టాయి, నల్లోడు మాత్రం కాంపౌండర్ మోచేతికి తల ఆనించి తోక ఊపుతున్నాడు. వారానికొకటి, సాధారణంగా మూడు నుంచి ఆరు డోసులు, మధ్యలో రక్తపరీక్ష. మొదటి ఇంజెక్షన్ తర్వాతే రక్తం కారడం తగ్గింది. సంక్రాంతి వెళ్లాక చూస్తే కండ చెక్కేసినట్టు చిన్నదైపోయింది, ఆ తర్వాత ఆనవాలే లేదు. టీవీటీ మందుకు ఇంత బాగా లొంగే క్యాన్సర్.

ఆ విన్‌క్రిస్టిన్ మన బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసే మందు. అమెరికాలో 1963లో అనుమతి వచ్చింది, పిల్లల రక్తక్యాన్సర్‌కు ఇప్పటికీ వాడతారు. ఈ సంగతి నేను వీధిలో చెప్పడమే ఆలస్యం, మూలింటి ఆఫీసరు గారు గోడ పక్క బిళ్ళగన్నేరు ఆకులు కోసుకొచ్చి, నూరి అన్నంలో కలిపి పెడదామన్నారు. ఆ పని ఎవరూ చేయకండి. ఆకు విషం. టన్నుల కొద్దీ ఆకు శుద్ధి చేస్తే గ్రాముల్లో వచ్చే మందది.

ఇక "మనుషులకే" అన్నారు కదా, దానికీ చెబుతాను. స్టాన్‌ఫర్డ్‌లో 1970ల నుంచి కొన్ని డాబర్మన్, లాబ్రడార్ కుటుంబాలను పెంచారు. వాటికి నార్కోలెప్సీ, అంటే ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చే జబ్బు. తిండి కనబడి సంతోషం పట్టలేకపోతే చాలు, కాళ్లు చచ్చుబడి కూలిపోయేవి. పదేళ్లకు పైగా వెతికి 1999లో ఇమాన్యుయెల్ మిన్యో బృందం మెలకువగా ఉంచే హైపోక్రెటిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే రిసెప్టర్ జన్యువులో లోపం కనిపెట్టింది. ఆ ఆధారం పట్టుకుని చూస్తే, నార్కోలెప్సీ ఉన్న చాలామంది మనుషుల మెదడులో ఆ హైపోక్రెటినే దాదాపు లేదు. ఇదే రసాయనాన్ని అడ్డుకుంటూ నిద్రపట్టనివాళ్ల కోసం కొత్త రకం మాత్రలు వచ్చాయి, మొదటిదానికి 2014లో అనుమతి దొరికింది. అలాగే పుట్టుగుడ్డి బ్రియార్డ్ జాతి కుక్కలకు జన్యుచికిత్సతో చూపొచ్చిందని 2001లో ప్రకటించారు. 2017 డిసెంబరులో అదే లోపమున్న మనుషులకు ఆ చికిత్స అమెరికాలో అనుమతి పొందింది. ముందు చూపొచ్చింది కుక్కకే.

ఇంతకన్నా నన్ను మండించేది కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ల వ్యవహారం. జబ్బు తప్పించే దారి దొరికాక కూడా వినరు. డాల్మేషియన్లకు మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువ, మగవాటికి రాళ్లు అడ్డుపడి నరకం. 1973లో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త ఒక్కసారి పాయింటర్ జాతితో దాటించి, ఆ పిల్లల్ని తరతరాలుగా మళ్లీ డాల్మేషియన్లతోనే కలిపి, మచ్చలకు మచ్చలు ఉంచుతూ ఆ లోపం తీసేశాడు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ రెండింటిని రిజిస్టర్లో ఎక్కించింది. అంతే, కులం చెడిపోయిందన్నట్టు డాల్మేషియన్‌వాళ్లు గొడవ చేసి ఆపించారు. మళ్లీ ఒప్పుకున్నది 2011లో. ముప్ఫై ఏళ్లు కుక్కలు రాళ్లతో ఏడ్చాయి, వీళ్లు స్వచ్ఛత కాపాడారు.

మన దగ్గర అంత చర్చ కూడా లేదు. హచ్ ఫోన్ కంపెనీ యాడ్ చూసి పగ్‌ల వెంటపడ్డారు, అవి మే నెల ఎండలో ఊపిరాడక గురకలు పెడుతుంటే "భలే ముద్దుగా ఉంది" అని వీడియోలు తీశారు. ఆ ముక్కు నొక్కుకుపోయినట్టు పెంచింది మనుషులే. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) పేపర్లున్నాయని లామినేట్ చేయించి మరీ చూపిస్తారు. ఆ పేపర్లో తాతముత్తాతల పేర్లుంటాయి, తుంటి ఎముకల ఎక్స్‌రే ఉండదు. మా మరిది లాబ్రడార్ ఎంత తిన్నా ఇంకా కావాలంటుంది. 2016లో కేంబ్రిడ్జ్‌లో ఎలినార్ రాఫన్ బృందం చెప్పింది, ప్రతి నాలుగు లాబ్రడార్లలో సుమారు ఒకదానికి పీఓఎంసీ జన్యువులో చిన్న ముక్క లేదని, దానివల్ల వాటికి ఆకలి ఎక్కువని. ఇది చెబితే మా మరిది, "అయితే పాపం ఇంకో రొట్టె పెడదాం వదినా" అన్నాడు. ఇలాంటివాళ్లకు ఏ పరిశోధన ఏం చేస్తుంది?

నా లెక్కలో మన వీధికుక్కను మించిన ఆరోగ్యమైన కుక్క ప్రపంచంలో లేదు. కాదన్నవాళ్లతో ఎంతసేపైనా వాదిస్తాను. వందల తరాలుగా ఎవరూ ముక్కు చూసి, మచ్చ చూసి జత కట్టించలేదు వీటికి. పరిశోధనకు డబ్బు పెట్టాలంటే మన వెటర్నరీ యూనివర్సిటీల్లో ముందు వీటి జన్యువుల మీద పెట్టాలి. టీవీటీని అదుపు చేయడానికైతే కొత్త పరిశోధన అక్కర్లేదు, వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తే చాలు. బ్రిటన్‌లో కుక్కలు వీధుల్లో స్వేచ్ఛగా తిరగడం ఆగిపోయేసరికి ఈ జబ్బే అక్కడ మాయమైంది. ఇక్కడ ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కొస కత్తిరించిన కుక్క కోసం మా వీధంతా వెతికినా ఒకటి కనబడదు.

నల్లోడి మందు ఖర్చు మా నెల కేబుల్ బిల్లు కన్నా తక్కువ. ఆటోకే ఎక్కువైంది.

ఇది చదివి కింద "కోలీ పిల్ల ఎక్కడ దొరుకుతుందండీ, రేటెంత" అని అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. ఇదివరకు లాబ్రడార్ గురించి రాసినప్పుడు కూడా వచ్చారు. నా దగ్గర లేవు. ఎవరి దగ్గర ఉన్నాయో తెలిసినా చెప్పను.