ఫియర్ ఆడుతున్న మా అల్లుడికి

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం

ఒరేయ్ అల్లుడూ,

"ఫియర్ (F.E.A.R.) అని ఆ దెయ్యాల తుపాకీ కంప్యూటర్ గేమ్ మొదలెట్టాను మావయ్యా, భయమేం వెయ్యట్లేదు గానీ ఆటలో ఊరికే చచ్చిపోతున్నాను" అన్నావు నిన్న ఫోన్లో. రెండిటికీ రోగం ఒక్కటేరా. పాటలు పెట్టుకుని ఆడుతున్నావు కదూ? ఎలా తెలుసంటావా, నేనూ అలాగే ఆడాను గనక.

ఆ ఆట 2005 అక్టోబరులో వచ్చింది. మరుసటేడు ద్వారకానగర్‌లో ఒక నెట్ సెంటర్‌కి పోయి, గంటకి 15 రూపాయలిచ్చి పూర్తి చేశాను. నాకిచ్చిన హెడ్‌ఫోన్లో ఒక చెవే పలికేది. పక్క సిస్టమ్ వాడు కౌంటర్ స్ట్రైక్ అనే ఇంకో కాల్పుల ఆటలో ఎవణ్నో తిడుతుండేవాడు, కౌంటర్ దగ్గర సినిమా పాటలు మోగుతుండేవి. ఆ గోలలో ఎర్ర గౌను వేసుకున్న దెయ్యం పిల్ల ఆల్మా ఎదురొచ్చినా ఎదురింటి పిల్లని చూసినట్టు చూశాను. ఆటలోని శత్రు సైనికులు మాత్రం ప్రతిసారీ వెనకనుంచే వచ్చి కాల్చేవారు. అది ఆట చేసే మోసం అనుకున్నా.

మోసం కాదు. వాళ్లు వచ్చే ముందు చెప్పే వస్తారు. రేడియోలో ఒకడితో ఒకడు మాట్లాడుకుంటూనే ఉంటారు. నీ టార్చి వెలుగు కనబడితే ఆ మాటా పైకే అనేస్తారు. కాబట్టి మూలమలుపు దగ్గర టార్చి ఆర్పేసి రెండు క్షణాలు ఆగు. ఎంతమంది ఉన్నారో, ఏ పక్కనుంచి వస్తున్నారో చెవికే తెలిసిపోతుంది. వాళ్ల బుర్ర తయారు చేసిన జెఫ్ ఆర్కిన్ 2006లో ఒక వ్యాసంలో అసలు కిటుకు చెప్పాడు. ప్రతి సైనికుడికీ ఒక లక్ష్యం, చేతనైన కొన్ని పనులు ఇచ్చి వదిలేస్తే, ఆ క్షణానికి ఏది ముందు ఏది వెనక అన్నది వాడే పేర్చుకుంటాడు. నిన్ను చుట్టుముట్టమని వాళ్లకి ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ఎవడికి వాడు దాక్కునే చోటు వెతుక్కుంటూ పోతుంటే మనకి అది పన్నాగంలా కనబడుతుంది. దానికి తోడు ఆ కేకలు. సగం తెలివి ఆ కేకల్లోనే ఉంది!

నువ్వు ఒకచోట కూలబడి కాలుస్తున్నావంటే వాళ్లకి పని తేలికైనట్టే. చోటు మారుస్తూ ఉండు. కీబోర్డులో Q, E మీటలు నొక్కితే పక్కకి వంగి తొంగి చూడొచ్చు, అది వాడనివాడు ఈ ఆట ఆడనట్టే. చిన్నప్పుడు నిన్ను బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి తీసుకెళ్లాను, గుర్తుందా? ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దూరేచోట ముందు తలపెట్టి చూసి, తర్వాత కాలు వేశావు. అలాగే వెళ్లు. చుట్టూ అంతా నెమ్మదించేలా చేసే స్లోమోషన్‌ మీటని కాల్పులు మొదలయ్యాక కంగారుగా నొక్కకు, తలుపు తీసే ముందే నొక్కు. షాట్‌గన్ వదలకు. మూడు తుపాకులే మోయనిస్తాడు, అందులో ఒకటి ఎప్పుడూ అదే ఉండాలి. ఇరుకు గదిలో దాన్ని మించింది లేదు. మందుల పెట్టెలు పది దాకా దాచుకోవచ్చు గనక పిసినారితనం వద్దు. కాల్పులయ్యాక గదంతా సున్నం దుమ్ము లేస్తుంది, అది కాస్త అణిగేదాకా అడుగు ముందుకు వెయ్యకు.

ఆడేకొద్దీ గేమ్ నత్తనడక నడుస్తోందన్నావు కదా, దానికి నీ గ్రాఫిక్స్ కార్డుని తిట్టకు. కీబోర్డు, మౌస్‌లాంటివాటిని ఆ పాత ఆట పట్టించుకునే తీరుకీ ఇప్పటి విండోస్‌కీ పడదు. అభిమానులు చేసిన చిన్న ప్యాచ్, అంటే ఆ లోపాన్ని సరిచేసే ఫైలు ఉంది, ఆదివారం వస్తే వేసిపెడతాను. సెట్టింగుల్లో సాఫ్ట్ షాడోస్ (మెత్తటి నీడలు) మాత్రం ఇప్పుడే తీసెయ్.

ఇక భయం సంగతి. రెండోసారి ఇంట్లో ఆడాను. మీ అత్త పుట్టింటికెళ్లింది. ఫ్యాన్ చప్పుడు కూడా వద్దని ఆపేశాను, మే నెల ఉక్కలో! మొదట్లోనే ఒక నిచ్చెన దిగాలి. అంతకుముందు నెట్ సెంటర్‌లో దిగిందే. నిచ్చెన పట్టుకుంటే చేతిలో తుపాకీ ఉండదు, చూపు కూడా నీ ఇష్టానికి ఉండదు, ఆటే నిన్ను అటు తిప్పేస్తుంది. అక్కడేముందో చెప్పను. నేను కుర్చీలోంచి లేచిన ఊపుకి హెడ్‌ఫోన్ వైరు బిగుసుకుపోయి, సీపీయూ డబ్బా బోర్లా పడింది. ముందున్న ఆడియో పిన్ను అందులోనే విరిగిపోయింది. పొద్దున్న మీ అమ్మ ఫోన్ చేస్తే పిల్లి తన్నేసిందన్నాను. మాకు పిల్లి లేదని అక్కకి తెలుసు.

అందుకని హెడ్‌ఫోన్ మంచిది తీసుకో, వైరు పొడుగ్గా ఉండేలా చూసుకో. రాత్రికి ఒక్క ఇంటర్వెల్ (ఆ ఆటలో అధ్యాయాన్ని అలా అంటారు) మించి ఆడకు. వరసబెట్టి ఆడితే ఆ ఖాళీ ఆఫీసు గదులన్నీ ఒకేలా కనబడి విసుగొస్తుంది, నిజంగానే కొంచెం ఒకేలా ఉంటాయి కూడా. చచ్చినా అక్కణ్నుంచే మళ్లీ మొదలెట్టొచ్చని నిమిషానికోసారి క్విక్‌సేవ్ కొట్టే అలవాటు కూడా మానుకో. పోతే పోయేదేం లేదనుకునేవాడికి భయమెందుకు వేస్తుంది?

ఆ నిచ్చెన దిగాక ఫోన్ చెయ్యి. రాత్రి రెండైనా పర్లేదు, ఎత్తుతాను. మీ అమ్మకి మాత్రం ఏ పిల్లి కథో ముందే అనుకుని ఉంచు.

నీ మావయ్య