ఫోన్ మోగిందా, రింగ్‌టోన్ మోగిందా?

సందేహం: మా వారి పుట్టినరోజుకి మా అబ్బాయి ఆయన ఫోన్‌లో నాదస్వరం రింగ్‌టోన్‌గా పెట్టాడు. ఆ ముచ్చట కథగా రాస్తూ ‘రింగ్‌టోన్ మోగింది’ అన్నాను. మా తెలుగు మాస్టారు అది కొట్టేసి ‘ఫోన్ మోగింది’ అని దిద్దారు. ఏది ఒప్పు? రింగ్‌టోన్‌కి తెలుగు మాట లేదా? వైబ్రేషన్‌ని ఏమనాలి?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందుగా ‘మోగింది’ అని రాసినందుకు సంతోషం. ఇప్పుడు ఎవరి నోట విన్నా ‘రింగ్ అవుతోంది’, ‘ప్లే అవుతోంది’, ‘ఏదో సౌండ్ వస్తోంది’. గంట గణగణమంటుంది, మువ్వ ఘల్లుమంటుంది, మేఘం ఉరుముతుంది, డప్పు మోగుతుంది. ఇన్ని క్రియలున్న భాషలో పుట్టి అన్నిటికీ ఒక్క ‘సౌండ్’తో సరిపెట్టుకోవడం ఏం న్యాయం?

‘మోగు’ చాలా పాత మాట. దీని గ్రాంథిక రూపం ‘మ్రోగు’. తమిళంలో ‘ముళంగు’ అంటే ఉరమడం, భేరిలా పెద్దగా ధ్వనించడం. మలయాళంలో ‘ముళంగుక’, పాత కన్నడంలో ‘మొళగు’. అక్కడి ళకారం మామూలు ళకారం కాదు, తమిళులు ‘తమిళ్’ అనేటప్పుడు నాలుక వెనక్కి మడిచి పలికే ధ్వని. తెలుగులో ఆ ధ్వని ముందుకు జరిగి, మొదటి హల్లుకు రేఫగా, అంటే రకారంగా, అంటుకుంది. తమిళ ‘పొళుదు’ మనకు ‘ప్రొద్దు’ అయిన దారి కూడా ఇదే. ఇలా వర్ణాలు తారుమారయ్యే పద్ధతిని భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు విపులంగా వివరించారు. ఆయనది ఒంగోలు. ఆయన పుట్టిన 1928లో అది గుంటూరు జిల్లాలోదే కాబట్టి మీ జిల్లావారే అనుకోవచ్చు. ఆ తర్వాత వాడుకలో రేఫ జారిపోయి ప్రొద్దు పొద్దయింది, మ్రాను మానయింది, మ్రోగు మోగయింది. ‘మ్రోత’ మోత కావడంతో చిన్న చిక్కు వచ్చింది. బరువు మోత, డప్పు మోత ఒకటే మాటలా కనిపిస్తాయి. బరువు మోతకు ‘మోయు’ మూలం, అందులో రేఫ ఎన్నడూ లేదు. రెండూ వేర్వేరు మాటలు.

ఈ మాటకు ప్రాణం పోసినవాడు వేమన. ‘అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను, సజ్జనుండు పలుకు చల్లగాను, కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా’ అన్న పద్యం బడిలో అందరం వల్లించిందే. నీతి మాటకేం గానీ, ఆ క్రియ వాడిన తీరు చూడండి. మనుషులకు ‘పలుకు’, లోహాలకు ‘మ్రోగు’. కంచు రాగి, తగరం కలిసిన గట్టి మిశ్రమం. చిన్న దెబ్బ తగిలినా ఒళ్లంతా కంపించి, ఆ నాదం చాలాసేపు నిలుస్తుంది. మెత్తని బంగారం అలా నిలపలేదు. అంటే మోగడమన్నది ఆ వస్తువు ఒంట్లోంచి పుట్టే పని. లోహాల గుణం తెలిసినవాడు వేసిన మాట అది. ఆ మూడో పాదం చదివిన ప్రతిసారీ నా చెవిలో గుడిగంట వినిపిస్తుంది.

ఇక మీ వాక్యం. మొన్న బెజవాడ నుంచి గుంటూరు వస్తుంటే రైలు పెట్టెలో ఒక ఫోన్ మోగింది. నలుగురు ఒకేసారి జేబులు తడుముకున్నారు. నలుగురిదీ ఒకటే రింగ్‌టోన్, మోగింది మాత్రం ఒక్కరి ఫోనే. అందుకే వేమన లెక్కన మీ మాస్టారి దిద్దుబాటే మేలనిపిస్తుంది. అలాగని మీది తప్పని కొట్టేయలేను. పెళ్లిపందిట్లో ‘మైకులో పాట మోగుతోంది’ అని అందరం అంటున్నాం. ‘ఫోన్‌లో నాదస్వరం మోగింది’ అని రాసి ఉంటే మాస్టారికీ అభ్యంతరం ఉండేది కాదేమో.

ఒక్కటి మాత్రం కలగాపులగం చేయకండి. మీ ఉత్తరం చివర ‘మా అక్కకి ఫోన్ చేస్తే అన్నమయ్య పాట రింగ్‌టోన్ వస్తుంది’ అన్నారు. అది కాలర్ ట్యూన్. రింగ్‌టోన్ ఉండేది మన ఫోన్‌లో, వినేది మనం. కాలర్ ట్యూన్ పంపేది నెట్‌వర్క్, వినేది మనకు ఫోన్ చేసినవాళ్లు. మీ అక్కగారు ఫోన్ సైలెంట్‌లో పెట్టినా ఆ పాట మీకు వస్తూనే ఉంటుంది. కాబట్టి అది ‘వినిపించింది’ అనండి, ‘మోగింది’ అనకండి.

రింగ్‌టోన్‌కి కొత్త మాట అల్లే పని నేను పెట్టుకోను, అది జనం నోట స్థిరపడింది. కాల్ ఫార్వర్డింగ్‌కి మాత్రం ‘మళ్లింపు’ ఉండగా ఇంకో మాట దేనికి? కృష్ణా కాలువల కింద నీరు మళ్లించే రైతుల నేల మనది. కొన్ని ఫోన్లలో తెలుగు పెట్టుకుంటే ‘డు నాట్ డిస్టర్బ్’కి బదులు ‘అంతరాయం కలిగించవద్దు’ అని కనిపిస్తుంది. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? ‘కదిలించొద్దు’ అంటే చాలదా? సైలెంట్‌ని ‘మూగ’ అన్నా బాగానే ఉంటుంది. అయితే మూగకూ మోగుకూ చుట్టరికం లేదు, అది సంస్కృత ‘మూక’ నుంచి వచ్చింది.

వైబ్రేషన్‌కి ‘కంపనం’ పుస్తకాల్లో ఉంది. నాకు ‘అదురు’ ఇష్టం. బల్లమీద పెట్టిన ఫోన్ గుర్రుమంటూ అంచుదాకా జరిగిపోతుంటే మా ఇంట్లో ‘ఫోన్ అదురుతోంది, పట్టుకోండి’ అనే అంటాం.