డాక్టరేట్ చేస్తానన్న బంగారానికి

చిరంజీవి బంగారానికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నర్సింగ్‌లో డాక్టరేట్ చేస్తానని నువ్వు చెప్పినప్పటి నుంచి మీ అమ్మ నన్ను ఒకటే అడుగుతోంది, "అది చేస్తే ఏమొస్తుందక్కా?" అని. దానికి నేను విడిగా చెప్పుకుంటాలే. నీకు మాత్రం వివరంగా రాయాలనిపించింది. నువ్వు పంపిన కాలేజీల లిస్టులో పీహెచ్‌డీ, డీఎన్‌పీ (డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్) రెండూ ఒకే వరుసలో ఉన్నాయి. రెండింటికీ చివర డాక్టర్ అన్న పిలుపు వస్తుంది గానీ చేసే పని వేరు. అది తేల్చుకోకుండా ఒక్క అప్లికేషన్ కూడా నింపకు.

నీకు తెలిసిన పనితోనే చెబుతాను. మీ ఐసీయూలో బ్రేడెన్ స్కేల్ నింపుతారు కదా. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు నర్సులు తయారు చేసి 1987లో ప్రచురించిన కొలత అది. ఆరు అంశాలు, 6 నుంచి 23 దాకా మార్కులు. మార్కులు తగ్గేకొద్దీ రోగికి పడక పుండ్లు పడే ప్రమాదం పెరుగుతుంది. పుండు పడకముందే ఎవరికి పడుతుందో ఎలా కనిపెట్టాలి అని అడిగి, కొలత తయారు చేసి, అది నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించడం పీహెచ్‌డీ తరహా పని. ఇక ఆ కొలత చేతిలో ఉండి కూడా ఒక వార్డులో పుండ్లు పడుతూనే ఉన్నాయనుకో. నైట్ డ్యూటీలో ఇద్దరే ఉండి రోగిని తిప్పలేకపోతున్నారా, చార్టు నింపి వదిలేస్తున్నారా, ఎయిర్ బెడ్లు స్టోర్‌లో మూలుగుతున్నాయా అని వెతికి, ఆ లోపం సరిచేసి, పుండ్లు తగ్గాయని లెక్కతో చూపించడం డీఎన్‌పీ పని. ఒకరు కొత్త విషయం కనిపెడతారు, ఇంకొకరు తెలిసిన విషయాన్ని మంచం దగ్గరికి చేరుస్తారు. రెండో పని చిన్నదని ఎవరన్నా అంటే నమ్మకు. రోగికి అందని పరిశోధన ఎంత గొప్పదైనా అతని నడుము మీది పుండు మాన్పదు.

ఈ డీఎన్‌పీ అమెరికాలో పుట్టిన చదువు. అక్కడ 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లోరెటా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ, అంటే నర్సే రోగిని పరీక్షించి చికిత్స చేసే పనికి శిక్షణ, మొదలుపెట్టారు. తర్వాత తర్వాత నర్స్ ప్రాక్టీషనర్, ఒక విభాగంలో నైపుణ్యం ఉన్న క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్, కాన్పులు చేసే నర్స్ మిడ్‌వైఫ్, మత్తు ఇచ్చే నర్స్ అనస్థటిస్ట్ అని నాలుగు పాత్రలు స్థిరపడ్డాయి. ఈ స్థాయి నర్సులకి డాక్టరేటే చదువు కావాలని అక్కడి నర్సింగ్ కాలేజీల సంఘం 2004లో తీర్మానించింది. అన్నిచోట్లా అది తప్పనిసరి కాలేదు. మాస్టర్స్‌తో నర్స్ ప్రాక్టీషనర్లు ఇప్పటికీ పనిచేస్తున్నారు. నర్స్ అనస్థటిస్టులకి మాత్రం 2022 నుంచి కొత్తగా చేరేవాళ్లందరికీ డాక్టరేట్ కోర్సే. డీఎన్‌పీలో బీఎస్సీ తర్వాత రోగుల దగ్గర చేసిన క్లినికల్ పని మొత్తం కలిపి కనీసం 1,000 గంటలు చూపించాలన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. చివర్లో థీసిస్ బదులు వార్డులో మార్పు తెచ్చి చూపించే ప్రాజెక్టు ఉంటుంది.

ఇక్కడ నువ్వు జాగ్రత్తగా వినాల్సింది ఉంది. అమెరికాలో ఆ పట్టాతో పాటు రాష్ట్ర లైసెన్సు, సర్టిఫికేషన్ పరీక్ష ఉంటాయి, వాటితో మందులు రాసే అధికారం వస్తుంది. మన దగ్గర డీఎన్‌పీ చూపించి అలాంటి లైసెన్సు తీసుకునే దారి లేదు. దానికి దగ్గరగా ఉన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ తెచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ కోర్సు. రెండేళ్ల రెసిడెన్సీ, అందులో ఐదింట నాలుగు వంతులు క్లినికల్ పనే. కానీ అది పీజీ స్థాయి. డాక్టరేట్ అంటే మన దేశంలో పీహెచ్‌డీయే. ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లో చేయొచ్చు, నర్సింగ్ కౌన్సిల్ బెంగళూరు రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయంతో కలిసి పెట్టిన నేషనల్ కన్సార్టియం దారి కూడా ఉంది. కాబట్టి ఏ డిగ్రీ అని అడిగే ముందు, రేపు ఏ ఊళ్లో, ఏ మంచాల పక్కన నిలబడి పనిచేస్తావో నీకు నువ్వు చెప్పుకో. జవాబు కాకినాడ, అమలాపురం, రాజమండ్రి అయితే డీఎన్‌పీ మీద అన్ని లక్షలు పోయడం నాకు ఇష్టం లేదు.

అమెరికాయే అన్నావనుకో, అప్పుడు కూడా నేరుగా డీఎన్‌పీకి వెళ్లొద్దంటాను. చాలా కాలేజీలు చేరేముందే అక్కడి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు అడుగుతాయి. అంటే ముందు ఆ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాయాలి, ఆ పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. డీఎన్‌పీ కోర్సులు చాలావరకు ఆన్‌లైన్‌లో నడుస్తాయి. స్టూడెంట్ వీసాకి ఆన్‌లైన్ క్లాసులు టర్ముకి ఒకటికి మించి లెక్కలోకి రావు. వీసా వచ్చినా, చదివే రోజుల్లో వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్ లోపలే పని. మీ నాన్న కొబ్బరి తోట తాకట్టు పెట్టి పంపిస్తానంటాడు, నాకు తెలుసు. ఒప్పుకోకు. ముందు నర్సు ఉద్యోగం మీద వెళ్లి, అక్కడ జీతం తీసుకుంటూ చదువుకునే దారి వెతుక్కో. అది కూడా తొందరగా అయ్యేది కాదు. ఉద్యోగం మీద గ్రీన్ కార్డుకి ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతోంది. ఆరు నెలల్లో పంపిస్తామనే ఏజెంట్లకి అడ్వాన్సు పేరుతో ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

నా మనసులో మాట చెప్పేస్తాను. నువ్వు పీహెచ్‌డీ చెయ్యి, కానీ డీఎన్‌పీ చేసే మనిషి కళ్లతో చెయ్యి. మంచం వదలని ప్రశ్న పట్టుకో. డాక్టరేట్ రాగానే వార్డుకి దూరంగా కుర్చీలో కూర్చునే నర్సుల్ని చాలామందిని చూశాను. మన ఊళ్లకి వాళ్ల వల్ల ఒరిగింది తక్కువ.

ప్రశ్న ఎక్కడ దొరుకుతుందని అడిగావు. మీ ఊళ్లోనే ఉంది. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు చెట్టు మీంచి పడి వెన్నెముక దెబ్బతిని పెద్దాసుపత్రికి రావడం నువ్వూ చూస్తున్నావు. ఆపరేషన్ అవుతుంది, డిశ్చార్జ్ అవుతుంది, కాళ్లు కదలవు. రెండు గంటలకోసారి తిప్పమని చెప్పి పంపిస్తాం. ఇంట్లో భార్య ఒక్కతే, ఆవిడా కూలికి వెళ్లాలి. ఎయిర్ బెడ్ కొన్నా కరెంటు పోతే గాలి దిగిపోతుంది. కొన్నాళ్లకి పిర్ర మీద ఎముక కనిపించే పుండుతో మళ్లీ మన దగ్గరికే వస్తాడు. ఆ ఇంట్లో, ఆ మనుషులతో, ఆ డబ్బుతో పుండు పడకుండా చూడగల పద్ధతి ఏది? ఇది ప్రశ్న. తిప్పడం ఎవరికి నేర్పాలి, ఆశా కార్యకర్త వారానికి ఎన్నిసార్లు చూడాలి, డిశ్చార్జికి ముందు భార్య చేత మన కళ్లముందు ఎన్నిసార్లు తిప్పించాలి, ఇవన్నీ కొలవగలిగినవే.

ఇంకోటి కూడా ఉంది. పడక పుండు మొదటి దశలో చర్మం ఎర్రబడి, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదని పుస్తకంలో రాసి ఉంటుంది. తెల్ల చర్మం మీద అది కనిపిస్తుంది. మన ఎండల్లో చెట్లెక్కే మనిషి వంటి మీద ఆ ఎరుపు ఎలా కనబడుతుంది? చేత్తో తాకి చూడాలి. పక్క చర్మం కన్నా వేడిగా ఉందా, గట్టిపడిందా, స్పర్శ తెలిసే చోటైతే నొప్పి ఉందా అని. ఈ సంగతి పుస్తకాల్లో లేకపోలేదు గానీ, మన వార్డుల్లో దాన్ని ఒక పద్ధతిగా పెట్టి, ఎంత తొందరగా పట్టుకోగలుగుతున్నామో చూడటం నీ స్థాయి చదువుకి సరిపోయే పని. ఊడ్పుల బురదలో చెప్పుల్లేకుండా నిలబడే షుగర్ ఉన్న ఆడవాళ్ల పాదాల సంగతీ అంతే, కావాలంటే అది తీసుకో. ఏది తీసుకున్నా, "ఫలానా అంశంపై స్టాఫ్ నర్సుల అవగాహన" అని ప్రశ్నలు పంచి, మార్కులు వేసి ముగించే టాపిక్ మాత్రం తీసుకోకు. అవి ఇప్పటికే బీరువాల నిండా ఉన్నాయి.

డేటా ఎప్పుడు తీసుకుంటావో క్యాలెండరు ముందు పెట్టుకుని చూడు. గోదావరికి వరద వచ్చే జూలై నుంచి సెప్టెంబరు మధ్య లంకల కాజ్‌వేలు మునిగి పడవలే దిక్కవుతాయి, ఇంటింటికీ తిరిగే ఫాలోఅప్ అక్కడే తెగుతుంది. సార్వా, దాళ్వా ఊడ్పులప్పుడు ఇళ్ల దగ్గర ఎవరూ దొరకరు. పట్నంలో కూర్చున్న గైడ్‌కి ఇది తట్టదు, నువ్వే చెప్పాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క రోగి దగ్గర కూడా వివరాలు రాసుకోవద్దు. రోగి వేలిముద్ర వేసే ముందు కాగితంలో ఉన్నదంతా అతనికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాలి. స్టాటిస్టిక్స్ అంటే నీకు టెన్షన్ అని తెలుసు. శాంపిల్ ఎంతమంది కావాలో తేల్చే రోజే స్టాటిస్టీషియన్ దగ్గరికి వెళ్లు. డేటా అంతా అయ్యాక వెళితే ఆయన చేయగలిగింది ఉండదు.

గైడ్ విషయంలో మొహమాటం వద్దు. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో పీహెచ్‌డీ మధ్యలో ఆపేసిన చాలామంది తెలివి తక్కువై కాదు, పంపిన చాప్టరు నెలల తరబడి తిరిగి రాక విసిగి ఆపేశారు. యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ ఒకేసారి ఎనిమిది మందికి, అసోసియేట్ ఆరుగురికి, అసిస్టెంట్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. ఖాళీ ఉందా అని అడుగు. ఆ గైడ్ దగ్గర ఇప్పటికే పూర్తిచేసిన ఒకరిని, ఇంకా చేస్తున్న ఒకరిని కలిసి మాట్లాడు. పేరున్న మనిషి కన్నా, రాసింది చదివి ఎర్ర పెన్నుతో దిద్దే మనిషి నీకు కావాలి.

పీహెచ్‌డీ కోర్సు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరు. ఆడవాళ్లకి ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది, ప్రసవానికి, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు తీసుకోవచ్చు. మీ అమ్మ మాఘమాసంలో సంబంధాలు చూస్తానంటోంది కదా, ఈ లెక్కలు పెళ్లిచూపుల రోజే అవతలివాళ్లకి చెప్పండి. "పెళ్లయ్యాక చూద్దాం" అనే సంబంధం వద్దని నేనే మీ అమ్మకి చెబుతాను.

ఆ వాట్సాప్‌లో వచ్చిన "ఏడాదిలో ఆన్‌లైన్ పీహెచ్‌డీ" ప్రకటన చూశాను. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ పీహెచ్‌డీ చేయించకూడదని ఆ యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. శాలువా కప్పి ఇచ్చే గౌరవ డాక్టరేట్లూ చదివి సంపాదించినవి కావు. రోగుల ప్రాణాలతో పనిచేసే మనిషి పేరు ముందు అలాంటిది పెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

నిజం డాక్టరేట్ వచ్చాక కూడా, రోగి దగ్గరికి వెళ్లినప్పుడు "నేను నర్సుని" అని ముందు చెప్పు. క్లాసులో, సదస్సులో నిన్ను డాక్టర్ అని పిలవాలి, అది నీ హక్కు. మంచం మీది మనిషికి మాత్రం తన ఎదురుగా ఉన్నది ఎవరో స్పష్టంగా తెలియాలి.

ఇప్పుడు అన్నిటికన్నా ముందు చేయాల్సింది కాగితాల పని. నీ పదో తరగతిలో ఇంటిపేరు ఒక్క అక్షరం, బీఎస్సీలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి వెళ్లింది. దేశంలో చదివినా, బయటికెళ్లినా ఈ తేడా నిన్ను వెంటాడుతుంది. పెళ్లికి ముందే సరిచేయించు. బీఎస్సీ, ఎమ్మెస్సీ ట్రాన్స్‌క్రిప్టులు, సబ్జెక్టు వారీగా థియరీ గంటలు, క్లినికల్ గంటలు కాలేజీ ముద్రతో ఇప్పుడే తీసుకో. ప్రైవేటు కాలేజీలు మూతపడితే ఆ రికార్డుల కోసం తిరగడం నరకం. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్ తేదీ కూడా చూసుకో.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్ల జెరాక్సులన్నీ పట్టుకురా. దాంతోపాటు నీ ప్రశ్న ఒక పేజీలో, తెలుగులో రాసి తీసుకురా. మీ నాన్నకి చదివి వినిపిద్దాం. ఆయనకి అర్థమైతే గైడ్‌కి ఉత్తరం మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
కాకినాడ