అడిగారు కనుక: గడియారంతో కొలిచే దూరాలు

ఈసారి ఉత్తరాలను వేరు చేస్తుండగా ఒక విషయం కనిపించింది. పిడుగు మొదలు చందమామ వరకు పాఠకులు వేర్వేరు సంగతులు అడిగినా, చాలా ప్రశ్నల వెనుక ఉన్న సందేహం ఒకటే: టేపు పట్టి కొలవడానికి వీలుకాని దూరం ఎంతో ఎలా తెలుస్తుంది? మిగిలిన ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, అటువంటి ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మెరుపు మెరిసిన తరువాత అంకెలు లెక్కపెడితే పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చంటారు, నిజమేనా? అసలు ఉరుము ఒక్కసారి ‘ఫెళ్ళు’మని ఆగిపోకుండా అంతసేపు ఎందుకు దొర్లుతుంది?

జవాబు: నిజమే. వెలుగు సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి మెరుపు మనకు అప్పటికప్పుడే కనిపించినట్లు లెక్క. శబ్దం మాత్రం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే సాగుతుంది, అంటే ఒక కిలోమీటరు దాటడానికి దానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ నడుమ 9 సెకన్లు గడిస్తే పిడుగు 3 కిలోమీటర్ల అవతల పడిందన్నమాట. ఆ వ్యవధి 30 సెకన్లకు తగ్గితే లెక్క ఆపి ఇంట్లోకి వెళ్ళడం మంచిది, ఎందుకంటే తరువాతి పిడుగు కూడా అంత దూరంలోనే పడుతుందన్న హామీ ఏమీ లేదు.

ఉరుము దొర్లడానికి కారణం మెరుపు ఆకారంలో ఉంది. మెరుపు కొన్ని కిలోమీటర్ల పొడవున మెలికలు తిరుగుతూ సాగే గీత. ఆ గీత వెంబడి ఉన్న గాలి రెప్పపాటులో సుమారు 30,000 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే సూర్యుని ఉపరితలానికి ఐదు రెట్ల వేడికి, చేరి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. శబ్దం గీత పొడవునా దాదాపు ఒకేసారి పుట్టినా, దగ్గరి కొస నుంచి ముందుగా, దూరపు కొస నుంచి ఆలస్యంగా మన చెవికి చేరుతుంది. ఆ రెండు కొసల దూరాలలో 4 కిలోమీటర్ల తేడా ఉంటే ఉరుము 12 సెకన్ల పాటు దొర్లుతుంది. అంటే అంతసేపూ మనం ఆ మెరుపు పొడవును చెవితో వింటున్నట్లే.

ప్రశ్న: గబ్బిలాలు చీకట్లో తమ అరుపు ప్రతిధ్వనిని విని దారి తెలుసుకుంటాయి కదా. అంత గట్టిగా అరిస్తే వాటి చెవులు దెబ్బతినవా?

జవాబు: దెబ్బతినకుండా ఏర్పాటు ఉంది. అరవబోయే ముందు గబ్బిలం మధ్యచెవిలోని సన్నని కండరం బిగుసుకుని వినికిడిని తగ్గిస్తుంది, అరుపు ముగియగానే సడలి ప్రతిధ్వని కోసం చెవిని సిద్ధం చేస్తుంది. రెండు మీటర్ల దూరంలో పురుగు ఉంటే అరుపు వెళ్ళి తిరిగి రావడానికి పట్టేది సెకనులో వెయ్యి భాగాలు చేస్తే అందులో 12 భాగాల సమయం మాత్రమే కాబట్టి, ఈ బిగింపూ సడలింపూ ఆ లోపలే జరిగిపోవాలి. పురుగును సమీపిస్తున్నకొద్దీ గబ్బిలం అరుపులు చిక్కబడి, పట్టుకోబోయే క్షణాలలో సెకనుకు దాదాపు 200 వరకు చేరుతాయి. ఆ అరుపులు మన చెవికి అందనంత హెచ్చు శ్రుతివి. అందుకే 18వ శతాబ్దంలోనే ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజానీ చూపు లేని గబ్బిలం సైతం అడ్డంకులు తప్పించుకుని ఎగురుతుందని గమనించినా, ఆ గుట్టు 1938లో డొనాల్డ్ గ్రిఫిన్ అతిధ్వనులను పట్టే పరికరం ముందు గబ్బిలాలను ఉంచి చూసేదాకా తేలలేదు.

ప్రశ్న: ఫోనులో దారి చూపే జీపీఎస్ పనిచేసేటప్పుడు నేను ఎక్కడ ఉన్నానో ఉపగ్రహానికి తెలుస్తుందా? ఐన్‌స్టీన్ సిద్ధాంతం లేకపోతే అది పనిచేయదని చదివాను. ఇది అతిశయోక్తి కాదా?

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు తేలిక: ఉపగ్రహానికి మీ సంగతి ఏమీ తెలియదు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ఎడతెగకుండా చాటుతుంటాయి, ఫోను ఊరికే వింటుంది. ఆ రేడియో సంకేతం బయలుదేరిన సమయానికీ చేరిన సమయానికీ ఉన్న తేడాను కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటును గుర్తించవచ్చు.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉపగ్రహంలో ఉండేది పరమాణు గడియారం, ఫోనులో ఉండేది మామూలు స్ఫటిక గడియారం. వెలుగు ఒక నానోసెకనులో, అంటే సెకనులో వంద కోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి ఫోను గడియారం సెకనులో పది లక్షలవ వంతు తప్పినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. దీనికి కనుగొన్న ఉపాయం నాకు ఈ వ్యవస్థ మొత్తంలో అన్నిటికంటే అందంగా కనిపిస్తుంది. ఫోను నాలుగో ఉపగ్రహాన్ని కూడా వింటుంది. మన చోటును చెప్పే మూడు సంఖ్యలతో పాటు తన గడియారం ఎంత తప్పుగా ఉందన్నదాన్ని నాలుగో తెలియని సంఖ్యగా పెట్టుకుని, నాలుగు సమీకరణాలను ఒకేసారి సాధిస్తుంది. ఆ విధంగా చవక గడియారం ఉన్న ఫోనుకు దారితో పాటు పరమాణు గడియారం చెప్పే సమయం కూడా ఉచితంగా దొరుకుతుంది.

ఇక ఐన్‌స్టీన్ సంగతి. ఉపగ్రహం సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి దాని గడియారం నేల మీది గడియారంతో పోలిస్తే రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు (మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు) వెనుకబడుతుంది. భూమి ఆకర్షణ అంత ఎత్తున బలహీనం కాబట్టి మరోవైపు రోజుకు సుమారు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. రెండూ కలిపితే రోజుకు 38 మైక్రోసెకన్ల ముందంజ, దూరంలోకి మారిస్తే 11 కిలోమీటర్లకు పైగా. అందుకే ఆ గడియారాలను నేల మీద ఉండగానే కొద్దిగా మందంగా నడిచేటట్లు సవరించి పంపుతారు. ఈ లెక్కను మొదట్లో అందరూ నమ్మలేదు. 1977లో పంపిన ఒక ప్రయోగాత్మక ఉపగ్రహంలో సవరణ సాధనం ఉంచి కూడా, దాన్ని కొన్నాళ్ళు వాడకుండా గడియారాన్ని దాని మానాన నడవనిచ్చారు. గడియారం దాదాపు సిద్ధాంతం చెప్పినంతే ముందుకు పోయింది.

మీరు అతిశయోక్తి అని అనుమానించడంలో కొంత న్యాయం ఉంది. సవరణ లేకపోతే ఫోను రోజుకు 11 కిలోమీటర్ల తప్పు చోటు చూపుతుందని తరచు రాస్తుంటారు. కానీ అన్ని ఉపగ్రహాల గడియారాలూ ఒకే తీరున తప్పితే, పైన చెప్పిన నాలుగో సమీకరణమే ఆ తప్పులో చాలా భాగాన్ని మింగేస్తుంది. నిజంగా ఇబ్బంది పెట్టేది ఒక్కో ఉపగ్రహానికి వేరుగా ఉండే తేడా. కక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం వల్ల ఉపగ్రహం భూమికి దగ్గరైనప్పుడూ దూరమైనప్పుడూ గడియారం నడక మారుతూ, పదుల నానోసెకన్ల తేడా వస్తుంది. అంటే కొన్ని మీటర్ల దూరం, ఒక్కోసారి పది మీటర్లకు పైనే. ఆ సవరణను మీ చేతిలోని ఫోనే, ఐన్‌స్టీన్ సూత్రం నుంచి వచ్చిన ఒక చిన్న లెక్కతో, ప్రతిసారీ చేసుకుంటుంది.

ప్రశ్న: సముద్రం అడుగున వేసిన ఇంటర్నెట్ కేబుల్ తెగితే, అన్ని వేల కిలోమీటర్లలో ఎక్కడ తెగిందో ఎలా పట్టుకుంటారు?

జవాబు: గబ్బిలం చేసే పనినే వెలుగుతో చేస్తారు. కేబుల్ లోపల వెంట్రుకంత సన్నని గాజు తంతువులు ఉంటాయి. గాజులో వెలుగు వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. ఒడ్డున ఉన్న కేంద్రం నుంచి ఒక చిన్న కాంతి తునకను పంపితే, తెగిన కొస దగ్గర దానిలో కొంత వెనక్కు మళ్ళుతుంది. అది సెకనులో వెయ్యో వంతు తరువాత తిరిగివస్తే, రానూ పోనూ 200 కిలోమీటర్లు కాబట్టి తెగినచోటు 100 కిలోమీటర్ల దూరాన ఉన్నట్లు. పొడవైన కేబుళ్ళలో నీరసించిన వెలుగుకు బలం ఇచ్చే సాధనాలు ప్రతి 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి ఉంటాయి. జవాబు చెబుతున్న చివరి సాధనం ఏదో చూస్తే, తెగింది దానికి అవతలేనని ముందే తెలిసిపోతుంది.

ఆ తరువాత ఓడ పని. ఓడ ఆ చోటికి వెళ్ళి పెద్ద కొక్కేన్ని సముద్రపు అడుగున ఈడ్చి కేబుల్‌ను పైకి లాగుతుంది, ఒక కొసను బోయాకు కట్టి నీళ్ళ మీద వదిలి రెండో కొస కోసం వెతుకుతుంది. ఓడలోని గదిలో ఒక్కొక్క గాజు తంతువు కొసలను ఎదురెదురుగా పెట్టి, విద్యుత్తు మెరుపుతో కరిగించి అతుకుతారు. ఇందులో మామూలుగా తట్టని సంగతి ఒకటుంది: కొన్ని కిలోమీటర్ల లోతు నుంచి రెండు కొసలనూ ఓడ మీదికి తేవాలంటే పాత కేబుల్ పొడవు చాలదు. అందువల్ల నడుమ కొత్త ముక్క చేర్చి, అతుకు పూర్తయ్యాక మిగులు పొడవును పక్కకు వంపు తిప్పి అడుగున పరుస్తారు. ఒకసారి తెగిన కేబుల్ ఎప్పటికీ మునుపటికంటే పొడవుగానే ఉంటుంది.

ఖండాల నడుమ సాగే సమాచారంలో 95 శాతానికి పైగా ఉపగ్రహాల ద్వారా కాక ఈ కేబుళ్ళలోనే పోతుంది. వీటికి ఏటా 150 నుంచి 200 దాకా నష్టాలు జరుగుతాయి. కారణాలలో పెద్దవి చేపల వలలు, ఓడల లంగర్లు. సొరచేపలు కొరుకుతాయన్న కథ ప్రచారంలో ఉన్నంతగా నిజంలో లేదు. ప్రకృతి తెంచినప్పుడు మాత్రం దెబ్బ గట్టిగానే ఉంటుంది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలినప్పుడు టోంగా దీవులను బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ తెగి, తిరిగి పనిచేయడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది.

ప్రశ్న: చంద్రుడు ఏటా భూమికి దూరంగా జరుగుతున్నాడంటారు. అంత చిన్న జరుగుడు ఎలా తెలిసింది?

జవాబు: ఏటా 3.8 సెంటీమీటర్లు. ఇది తెలిసింది అద్దాల వల్ల. 1969 జూలైలో అపోలో 11 వ్యోమగాములు చంద్రుని నేలపై 100 గాజు పట్టకాలు అమర్చిన పలకను ఉంచి వచ్చారు. గది మూలకు విసిరిన బంతి మూడు గోడలనూ తాకి వచ్చినవైపే తిరిగినట్లు, ఈ పట్టకాలు ఏ దిక్కు నుంచి వచ్చిన వెలుగునైనా ఆ దిక్కుకే పంపుతాయి. తరువాత అపోలో 14, 15 యాత్రలు కూడా ఇటువంటివే పెట్టాయి. సోవియట్ బండి లూనోఖోద్ 1 మీదున్న పలక మాత్రం ఎక్కడుందో తెలియక దాదాపు నలభై ఏళ్ళు మూగబోయి, 2010లో మళ్ళీ దొరికి, అప్పటినుంచి కొలతలకు పనికివస్తోంది.

భూమి నుంచి పంపిన లేజర్ మెరుపు చంద్రుని చేరి తిరిగి రావడానికి సుమారు రెండున్నర సెకన్లు పడుతుంది. సన్నని లేజర్ రేఖ కూడా అక్కడికి చేరేసరికి రెండు కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది కాబట్టి, పంపిన కోటానుకోట్ల ఫోటాన్లలో (వెలుగు కణాలలో) తిరిగివచ్చి టెలిస్కోపులో పడేవి ఒకటో రెండో, ఒక్కోసారి అవీ ఉండవు. అయినా వేలసార్లు కొలిచి సగటు తీస్తే దూరం మిల్లీమీటర్ల తేడాతో తెలుస్తుంది. మరో చిత్రం: అపోలో 11 పలకలోని ఒక్కో పట్టకం వ్యాసం కూడా 3.8 సెంటీమీటర్లే. చంద్రుడు ఏడాదికి ఒక పట్టకం వెడల్పు చొప్పున జరుగుతున్నాడని గుర్తుపెట్టుకోవచ్చు.

జరగడానికి కారణం ఆటుపోట్లు. చంద్రుని ఆకర్షణకు ఉబ్బిన సముద్రాన్ని భూమి తన భ్రమణంతో కొద్దిగా ముందుకు లాక్కుపోతుంది, ఆ ఉబ్బు చంద్రుణ్ణి ముందుకు లాగి పై కక్ష్యకు నెడుతుంది. దానికి మూల్యం భూమి భ్రమణం చెల్లిస్తుంది, రోజు నెమ్మదిగా పొడవవుతుంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త దాదాపు 38 కోట్ల ఏళ్ళ నాటి పగడాల శిలాజాలలో రోజువారీ పెరుగుదల గీతలను లెక్కపెట్టి, ఒక ఏడాది వెడల్పులో సుమారు 400 గీతలు ఉన్నట్లు చూపాడు. ఏడాది పొడవు మారలేదనుకుంటే, అప్పటి రోజుకు 22 గంటలే.

ప్రశ్న: ఎడారి చీమలు ఆహారం కోసం ఎంతో దూరం పోయి తిన్నగా పుట్టకు తిరిగివస్తాయట. వాటికీ ఇటువంటి గడియారం ఉందా?

జవాబు: ఈ ఒక్కచోట గడియారం పనికిరాదు. సహారాలోని కాటాగ్లిఫిస్ జాతి చీమలు దిక్కును ఆకాశపు వెలుగు నుంచి తెలుసుకుంటాయి. దూరాన్ని ఎలా కొలుస్తాయన్నది 2006లో వెలువడిన ఒక ప్రయోగం తేల్చింది. శాస్త్రవేత్తలు చీమలను సన్నని కాలువ వెంట 10 మీటర్ల దూరంలోని ఆహారం దాకా నడవడం అలవాటు చేసి, అక్కడికి చేరాక కొన్నిటి కాళ్ళకు పంది వెంట్రుకలు అంటించి పొడవు చేశారు, మరికొన్నిటి కాళ్ళను కొంత కత్తిరించి పొట్టి చేశారు. తరువాత పుట్ట లేని మరో కాలువలో వదిలి, ఇంటి కోసం ఎక్కడ వెతుకులాట మొదలుపెడతాయో చూశారు. పొడుగు కాళ్ళవి 10 మీటర్లు దాటిపోయి సుమారు 15 మీటర్ల దగ్గర ఆగి వెతకసాగాయి. పొట్టి కాళ్ళవి 6 మీటర్లకు కాస్త ఇటే ఆగిపోయాయి. అంటే చీమలు దూరాన్ని అడుగులు లెక్కపెట్టి కొలుస్తాయి: అడుగులు సరిగానే లెక్కకు వచ్చాయి, మారింది అడుగు పొడవు. అవే చీమలను పుట్టలో వదిలి, మళ్ళీ ఆ కాళ్ళతోనే ఆహారానికి వెళ్ళిరానిచ్చినప్పుడు రానూ పోనూ లెక్క సరిపోయి, పొడుగు కాళ్ళవీ పొట్టి కాళ్ళవీ దాదాపు పుట్ట దూరంలోనే వెతకడం మొదలుపెట్టాయి.